అయిదు మంటపాల్లో మిగిలినవాళ్లు

స్వర్ణముఖి (తిరుపతి)
సోమవారం, రాత్రి 11.20

అందరికీ వందనాలు. చాలా నెలలుగా మీరు రాసేవి చదువుతున్నాను. నేను రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా వారికి మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేసి రెండేళ్లు కావస్తోంది. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. తెల్లవారుజామున నాలుగున్నరకే ఇంటి నుంచి బయలుదేరతాం. ఆయన నాలుగు గంటలు మిషను మీద ఉంటారు, నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. ఆయన దర్జీ. ఇప్పుడు వారంలో మూడు రోజులు కూడా దుకాణం తీయడం లేదు.

నిన్న ఆరాధనలో యోహాను సువార్త 5వ అధ్యాయం చదివారు. బేతెస్ద కోనేరు కథ. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కోనేటి చుట్టూ అయిదు మంటపాలు, వాటి నిండా గుడ్డివాళ్లు, కుంటివాళ్లు, చేతులూ కాళ్లూ పడిపోయినవాళ్లు. నీళ్లు కదిలినప్పుడు ముందుగా ఎవరు దిగితే వాళ్లకే నయమవుతుందని అందరూ కాచుకుని ఉంటారు. 38 ఏళ్లుగా రోగంతో ఉన్న ఒక మనిషి దగ్గరికి యేసు వెళ్లి, లేచి పరుపెత్తుకుని నడవమన్నాడు. అతను నడిచాడు. గుడిలో అందరూ స్తోత్రం అన్నారు. నాకు మాత్రం నోరు పెగల్లేదు.

మిగతావాళ్ల సంగతి ఏమిటి? ఆ రోజు సాయంత్రం ఒక్క పరుపు తక్కువైంది, అంతే కదా. మిగిలినవాళ్లందరూ ఆ మంటపాల్లోనే పడుకున్నారు. నేను కూర్చునే వరండాలో నా పక్కన మదనపల్లె నుంచి వచ్చే ఒక తల్లి, పుత్తూరు నుంచి వచ్చే ఒక ముసలాయన, ఇంకా చాలామంది ఉంటారు. మాకు ఆ కథలో చోటు ఎక్కడ ఉంది?

విశ్వాసం పోయి అడగడం లేదు. ఉంది కాబట్టే అడుగుతున్నాను.

రేణిగుంట సువార్తికుడు
సోమవారం, రాత్రి 11.52

అమ్మా, నీ భర్త కోసం ఈ రాత్రే ప్రార్థన చేస్తాను. కానీ ఒక మాట. అందరికీ ఎందుకు కాలేదని అడగడం సాతాను పెట్టే ప్రశ్న. మనలో విశ్వాసం ఎక్కడ తగ్గిందో ముందు మనం పరీక్షించుకోవాలి. మా అబ్బాయికి డెంగ్యూ వచ్చి రక్తకణాలు పడిపోయినప్పుడు డాక్టర్లు ఏ మాటా చెప్పలేమన్నారు. మూడు రాత్రులు మోకాళ్ల మీద ఉన్నాను. నాలుగో రోజు పొద్దున కణాలు పెరిగాయి. నమ్మేవానికి సమస్తమూ సాధ్యమే.

చిత్తూరు నర్సమ్మ
మంగళవారం, ఉదయం 6.05

రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఇది చదివాను. పడుకోబుద్ధి కాలేదు.

సువార్తికుడన్నా, మీ బాబు బతికినందుకు మనస్ఫూర్తిగా సంతోషం. కానీ తెల్లవారుజామున బెంచీ మీద కూర్చున్న మనిషితో నీ విశ్వాసం చాలలేదేమో అనకండి. ఆ మాట రోగి మంచం పక్కన ఎలా పనిచేస్తుందో ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. అప్పటికే రోగం మోస్తున్నవాళ్ల మీద అది నేరం కూడా మోపుతుంది.

పైగా మీరు చెప్పింది ఆ కథలో లేదు. అధ్యాయం ఇంకోసారి నిదానంగా చదవండి. ఆ 38 ఏళ్ల రోగి యేసును వేడుకోలేదు, నమ్ముతున్నానని అనలేదు. తనను బాగుచేసింది ఎవరో కూడా అతనికి తెలియదని 13వ వచనంలో స్పష్టంగా ఉంది. ‘స్వస్థపడగోరుచున్నావా’ అని అడిగితే అవునని కూడా సూటిగా చెప్పలేదు. తన గోడు వెళ్లబోసుకున్నాడు, అంతే.

మీరు ఎత్తిచూపిన వాక్యం మార్కు 9లోది. దానికి వెంటనే, జబ్బు బిడ్డను యేసు దగ్గరికి తెచ్చిన ఆ తండ్రి ఏమన్నాడో కూడా చెప్పాలి కదా? నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సాయం చెయ్యి అని అరిచాడు. ఆ సగం విశ్వాసంతోనే బిడ్డ బాగయ్యాడు. అదే యోహానులో 9వ అధ్యాయం చూడండి. పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదు అన్నాడు. మనం మాత్రం రెండు వేల ఏళ్లుగా శిష్యుల ప్రశ్ననే పట్టుకుని తిరుగుతున్నాం.

అక్కా, మీ ప్రశ్న సాతాను పెట్టింది కాదు. ఆ కథ పక్కన కూర్చుని చదివినవాళ్లకే వచ్చే ప్రశ్న అది.

పీలేరు విద్యార్థి
మంగళవారం, ఉదయం 8.30

నేను క్రైస్తవుణ్ని కాదు, ఏ మతాన్నీ గట్టిగా పాటించేవాణ్ని కూడా కాదు. తిరుపతిలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నాను. నాకు తెలిసిన రెండు సంగతులు చెబుతాను, అక్కకు పనికొస్తాయేమో చూడండి.

మొదటిది, ఆ కోనేరు కల్పన కాదు. జెరూసలేం పాత నగరంలో సెయింట్ ఆన్ చర్చి పక్కన తవ్వకాల్లో బయటపడింది. పక్కపక్కన రెండు పెద్ద కొలనులు, మధ్యలో ఒక గట్టు. నాలుగు వైపులా నాలుగు మంటపాలు, గట్టు మీద అయిదోది అని పరిశోధకులు లెక్క చెబుతారు. అంతకుముందు ఈ అయిదు మంటపాలు ఏదో సంకేతం కోసం రాసినవేనని వాదించినవాళ్లు ఉన్నారు.

రెండోది ఇంకా ముఖ్యం. దేవదూత దిగి వచ్చి నీళ్లు కదిలిస్తాడనీ, ముందు దిగినవాడికే నయమవుతుందనీ చెప్పే వాక్యం చాలా పాత చేతిరాత ప్రతుల్లో లేదు. జనం నమ్మకాన్ని వివరించడానికి ఎవరో తర్వాత చేర్చి ఉంటారని పండితులు అంటారు. అంటే ముందు పరుగెత్తినవాడికే దక్కుతుందన్నది అక్కడ పడి ఉన్నవాళ్ల నమ్మకం. యేసు దాన్ని అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ నీళ్ల జోలికే పోలేదు. పరుగెత్తలేనివాడి దగ్గరికి వెళ్లాడు.

మా నాన్నకు ఆపరేషను చేయించిన రోజుల్లో టోకెను కోసం రాత్రి పదకొండుకే చెప్పులు వరుసలో పెట్టి అక్కడే పడుకునేవాణ్ని. గేటు తీయగానే కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు ముందు చేరేవారు. అసలు రోగం ముదిరినవాళ్లేమో వెనకబడేవారు. ఈ కథ చదివినప్పుడు నాకు దేవుడు కనిపించలేదు కానీ ఆ గేటు కనిపించింది. ఆ వరుసలో ఆఖరివాడి దగ్గర ఒకడు ఆగాడన్న సంగతి నా మనసులో నిలిచిపోయింది.

తెలుగు మాస్టారు (గోవిందరాజస్వామి గుడి దగ్గర)
మంగళవారం, మధ్యాహ్నం 3.15

అమ్మా స్వర్ణముఖీ, నేను రోజూ పొద్దున గోవిందరాజస్వామిని చూడందే కాఫీ తాగని మనిషిని. అయినా మీ గ్రంథం మీద నాకు పాత మమకారం. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాను. నాతో పనిచేసిన ఒక క్రైస్తవ ఉపాధ్యాయుడు పదవీ విరమణ నాడు తన పాత బైబిలు నాకు ఇచ్చి వెళ్లాడు. భాష కోసం మొదలుపెట్టాను, భాష దగ్గరే ఆగలేదు.

‘బేతెస్ద అనబడిన యొక కోనేరు కలదు, దానికి అయిదు మంటపములు కలవు.’ ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు జెరూసలేం తోచలేదు, మన కపిలతీర్థం తోచింది. మెట్లు, మంటపం నీడ, తడిబట్టలు, గోడకు ఆనుకుని కూర్చున్న వికలాంగులు. అనువాదం చేసినవారు చెరువు అనలేదు, గుంట అనలేదు. కోనేరు అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ రోగి మన ఊరివాడయ్యాడు.

మీ కథ వింటే నాకు గజేంద్రుడు గుర్తొస్తాడు. అతనూ ఏళ్ల తరబడి నీటిలో పోరాడి, బలం ఉడిగిపోయి, నీవే దిక్కని మొరపెట్టాడు. మొర విని స్వామి పరుగున వచ్చాడు. మా ఇళ్లలో ఆపద వచ్చినప్పుడు తలుచుకునేది ఆ ఘట్టాన్నే. అయితే మీ కోనేటి దగ్గర మనిషి మొర కూడా పెట్టలేదు. 38 ఏళ్లలో గొంతు అరిగిపోయి ఉంటుంది. అడగకుండానే వచ్చి, నీకు ఏం కావాలని అడిగినవాడు మీ యేసు. ఇది తేడా చూపి గొప్ప తక్కువ చెప్పడానికి కాదు. మొరపెట్టే ఓపిక కూడా లేనివాళ్లు ఉంటారు, వాళ్ల కోసం కూడా ఒక కథ ఉందని చెప్పడానికి.

ఆ మనిషి జవాబు చూశారా? ‘నన్ను కోనేటిలోనికి దించుటకు నాకు ఎవడును లేడు.’ కాళ్లు లేవని అనలేదు. మనిషి లేడన్నాడు.

ఇంకొకటి. మీ గ్రంథంలో ఆశ అనే అర్థానికి వాడే మాట నిరీక్షణ. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. మొదట నేను దీన్ని అనువాదంలో దొర్లిన వింత అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మంచి జరుగుతుందని మనసులో గట్టిగా అనుకోవడం వేరు, గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం వేరు. మీరు బెంచీ మీద చేస్తున్నది రెండోది. మీ భాషలో దానికి పేరు ఉంది తల్లీ. అది విశ్వాసం తగ్గడం కాదు.

మదనపల్లె అవ్వ
మంగళవారం, సాయంత్రం 6.40

(మా మనవరాలు టైపు చేస్తోంది.)

మా అమ్మ ఆరోగ్యవరంలో పదకొండు నెలలు ఉంది. 1915లో అక్కడ క్షయ ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు ఆ జబ్బుకు మందు లేదు. పరిశుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిందే 1943లో. అది మన దాకా వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. వేరువేరు క్రైస్తవ మిషన్లు కలిసి నడిపేవి, ముందుగా డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్కు ఆయన చూసేవారు. అమ్మ వరండాలో పడుకుని కొండల వైపు చూస్తూ ఉండేదట. పక్క మంచాల్లోవాళ్లలో కొందరు ఇంటికి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. అమ్మ ఇంటికి వచ్చింది. తర్వాత నేను పుట్టాను.

బతికి వచ్చినందుకు అమ్మ సాక్ష్యం చెప్పమంటే చెప్పేది కాదు. పక్క మంచం పిల్ల పేరు చెప్పి ఏడ్చేది. తనకు నయం చేసిన దేవుడి మీద కోపం కాదది. చనిపోయిన లాజరును లేపబోయే ముందు యేసు కూడా ఏడ్చాడు కదా. లేపుతానని తెలిసి కూడా ఏడ్చాడు. అమ్మకు సువార్తలో అన్నింటికంటే ఇష్టమైన వాక్యం అదే, ‘యేసు కన్నీళ్లు విడిచెను.’

నీకు చెప్పగలిగింది నాకు అదొక్కటే బిడ్డా.

పీలేరు విద్యార్థి
మంగళవారం, రాత్రి 9.10

మాస్టారు గారూ, నిరీక్షణ గురించి మీరు రాసింది చదివాక హాస్టల్లో మిత్రుడి దగ్గర బైబిలు తీసుకుని ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికాను. లూకా 24లో దొరికింది. యేసు చనిపోయిన మూడో రోజు ఇద్దరు మనుషులు జెరూసలేం వదిలి ఎమ్మాయు అనే ఊరికి నడుస్తుంటారు. ‘ఆమడ దూరము’ అని రాశారు. గ్రీకులో అరవై స్టాడియాలు, అంటే పదకొండు కిలోమీటర్ల చిల్లర. ఇంచుమించు తిరుపతి నుంచి రేణిగుంటకు నడిచినంత. దారిలో ఒక అపరిచితుడు కలిసి ఏమిటి మాట్లాడుకుంటున్నారని అడిగితే, ఇశ్రాయేలును విడిపించేవాడు ఈయనేనని ‘మేము నిరీక్షించియుంటిమి’ అంటారు.

నిరీక్షించియుంటిమి. ఎదురుచూసి ఉన్నాం, ఇక చూడడం లేదని. అంత దుఃఖం ఒక్క క్రియలో ఉంది. వాళ్లు ఊరు వదిలేసి వెళ్లిపోతున్నారు, నమ్మకం అయిపోయింది. పక్కన నడుస్తున్నది ఆయనేనని గుర్తుపట్టనే లేదు. ఆయన వాళ్లను ముందు నమ్మమనలేదు, ముందు వెంట నడిచాడు. మందలించిన మాట నిజమే, కానీ వెనక్కి పొమ్మనలేదు. పొద్దు వాలాక వాళ్లు ఇంట్లోకి పిలిస్తే వెళ్లాడు, రొట్టె విరిచాడు.

నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు. కానీ ఈ కథ రాసినవాడికి ఓడిపోయిన మనుషులు బాగా తెలుసు.

స్వర్ణముఖి (తిరుపతి)
బుధవారం, రాత్రి 10.45

ఒక్కొక్కరికీ జవాబు రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. అవ్వా, మీ అమ్మగారి మాట మా వారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడారు. అది మీకు చెప్పాలి.

డయాలసిస్ రోగులకు నీళ్లు కొలత ప్రకారమే. తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లో చేరి ఊపిరి ఆడనివ్వవు. అందుకని మా వారికి రోజుకు ఇన్ని అని డాక్టరు లెక్క కట్టారు. పొద్దున్నే ఒక సీసాలో ఆ కొలత పోసి బల్ల మీద పెడతాను. మాత్రలకు, అన్నానికి, అన్నింటికీ అదే. చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కల చొప్పున పోసుకుంటారు. మే నెలలో మన తిరుపతి ఎండ మీకు తెలుసు. మధ్యాహ్నం మూడయ్యేసరికి సీసా సగం దాటిపోతుంది. అప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటారు. మంచు ముక్క ఒకటి గుడ్డలో చుట్టి పెదవులకు అద్దుతాను. పక్కింట్లో బిందె నింపే చప్పుడు వినిపిస్తే నేనే లేచి కిటికీ మూస్తాను.

జబ్బు రాకముందు ఒక ఏడు మంచి శుక్రవారం నాడు మా సంఘంలో సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురిని పెట్టారు. మా వారికి అయిదో మాట వచ్చింది. ‘దప్పిగొనుచున్నాను.’ పావుగంట మాట్లాడారు. ఆత్మల కోసం దాహమని, ప్రేమ కోసం దాహమని చక్కగా చెప్పారు. అందరూ మెచ్చుకున్నారు.

నిన్న రాత్రి ఆయన అన్నది ఇది: “ఆ రోజు నేను చెప్పిందంతా ఆయనకు నిజంగా దాహమేసిందని ఒప్పుకోలేక చెప్పిన మాటలు. ఆయనకు నోరెండింది. నీళ్లు కావాలనిపించింది. సమరయ స్త్రీకి జీవజలం ఇస్తానన్నవాడు, నీళ్లు లేక అడిగాడు. ఎవరో స్పాంజి తడిపి పెదవులకు అందించారు. నువ్వు నాకు చేస్తున్నది అదే కదా. నన్ను బాగుచేయడానికి ఆయన ఇంకా రాలేదు, నిజమే. కానీ నేను పడి ఉన్న చోటికి ఆయన ముందే వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికి నేను ఒంటరిగా లేను.”

మధ్యాహ్నం మూడింటికని ఆయన మాటవరసకే అన్నారు. యేసు ప్రాణం విడిచింది కూడా ఆ వేళకేనని మా ఇద్దరికీ తర్వాత తట్టింది.

మంటపాల్లో మిగిలినవాళ్ల ప్రశ్న నాకు తీరలేదు. తీరిందని అబద్ధం చెప్పను. కానీ వైద్యుడు ఒక్కరినే చూసి వెళ్లిపోయాడని నేను అనుకున్నాను. వెళ్లిపోలేదు. ఇంకొన్నాళ్లకు ఆయనే ఆ వరుసలో, అందరికంటే హీనమైన చోట పడ్డాడు. దించేవాడు ఎవడూ లేకుండా. అంతవరకు అర్థమైంది.

రోజూ పడుకునే ముందు ఆయన ఎడమ చేతి మీద, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసిన చోట వేళ్లు పెట్టి చూస్తాను. లోపల నెత్తురు గుర్రుమని పారుతుంటే తెలుస్తుంది. ఆ అదురు ఉంటే అది పనిచేస్తున్నట్లు. నిన్న రాత్రి చేయి తీయబుద్ధి కాలేదు.

చిత్తూరు నర్సమ్మ
గురువారం, ఉదయం 7.30

అక్కా, మా వార్డులో రోగుల పక్కన ఉండేవాళ్లు రోగుల కంటే ముందు కూలిపోవడం చూశాను. ఇది నా వృత్తి తెచ్చిన భయం, అందుకే అడుగుతున్నాను. మీరు చివరిసారి రాత్రంతా ఎప్పుడు నిద్రపోయారు?

మా చిత్తూరు వాళ్లకు పెద్ద జబ్బు అంటే పొరుగునున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి. నేను శిక్షణ పొందిందీ అక్కడే. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ అమ్మగారి కథ అక్కడ అందరికీ కంఠస్థం. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడడానికి ఆడడాక్టరు కావాలని వచ్చారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్య పట్టా తీసుకుని తిరిగి వచ్చి, 1900లో ఒక్క మంచంతో ఆ ఆసుపత్రి మొదలుపెట్టింది. ఆ ముగ్గురూ ఆ రాత్రి బతకలేదు. వాళ్ల కోసం ఏ అద్భుతమూ జరగలేదు. ఆమె దాన్ని మరిచిపోనూ లేదు, సర్దిచెప్పుకోనూ లేదు.

ఆ సంస్థ ధ్యేయవాక్యం మార్కు సువార్త 10లోది. ‘పరిచారము చేయించుకొనుటకు’ రాలేదు, ‘పరిచారము చేయుటకు’ వచ్చాడని. మాస్టారు గారూ, మాటల మీద మీకున్న ప్రేమ నాకూ అంటుకుంది. నర్సుకు పాత తెలుగులో పరిచారిక అంటారు కదా. దేవుడి కుమారుడు తన పని గురించి చెప్పుకోవడానికి వాడుకున్న మాట మా ఉద్యోగం పేరు. బెడ్‌పాన్ కడిగేటప్పుడు నాకు అది గుర్తొస్తుంది.

రేణిగుంట సువార్తికుడు
గురువారం, రాత్రి 9.55

మూడు రోజులుగా ఏమీ రాయలేదు. ప్రతి మాటా చదివాను.

అమ్మా, నన్ను క్షమించు. మా అబ్బాయి బాగయ్యాడు కాబట్టి ఆ బాగుపడ్డ దారి నాకు తెలుసని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మూడు రాత్రులు నేను చేసింది ప్రార్థన కంటే భయమే ఎక్కువ. అదే గదిలో ఇంకో బిడ్డ ఉండేది. వాళ్ల అమ్మ కూడా మోకాళ్ల మీదే ఉంది. ఆ బిడ్డ బతకలేదు. సాక్ష్యం చెప్పే ప్రతిసారీ నేను ఆ తల్లిని వదిలేసి చెబుతూ వచ్చాను. అయిదేళ్లుగా. నువ్వు ‘మిగతావాళ్ల సంగతి ఏమిటి’ అని అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది అందుకే.

శనివారం నాకు వేరే పని లేదు. రేణిగుంట నుంచి మొదటి బస్సుకు వస్తాను. నీకు అభ్యంతరం లేకపోతే ఆ నాలుగు గంటలు ఆ బెంచీ మీద నేను కూర్చుంటాను. నువ్వు ఇంటికి వెళ్లి పడుకో. నేను ఏ ప్రసంగమూ చేయను.

తెలుగు మాస్టారు (గోవిందరాజస్వామి గుడి దగ్గర)
గురువారం, రాత్రి 10.20

మంగళవారాలు నాకు రాసుకోండి. మా ఇంటికి ఆ ఆసుపత్రి దూరమేమీ కాదు.

స్వర్ణముఖి (తిరుపతి)
శనివారం, సాయంత్రం 5.30

నాలుగు గంటల యాభై నిమిషాలు నిద్రపోయాను. లేచేసరికి చీర మడత చెంప మీద అచ్చు పడి ఉంది.

ఆసుపత్రికి పరుగెత్తుకుంటూ వెళ్లాను, ఆలస్యమైందని. లోపలికి పోయి చూస్తే మా వారికి సూదులు తీసి దూది కట్టి కూర్చోబెట్టారు. సువార్తికుడు గారు కింద మోకాలు మోపి ఆయనకు చెప్పులు తొడుగుతున్నారు. మిషను మీద ఉన్నంతసేపూ పేపరులో వానల వార్త, తోతాపురి ధరలు చదివి వినిపించారట. తర్వాత ప్యాంటు కుట్టడంలో నడుము పట్టీ దగ్గర గుడ్డ ఎందుకు ముడత పడుతుందో మా వారు ఆయనకు అరగంట చెప్పారట. రెండేళ్లలో ఎవరూ ఆయన్ను పని గురించి అడగలేదు.

వచ్చే గురువారానికి పుత్తూరు ముసలాయనకు తోడు ఎవరూ లేరు. కొడుకు ఊళ్లో ఉండడట. ఉదయం అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా. ఎవరైనా రాగలరా?

పీలేరు విద్యార్థి
శనివారం, సాయంత్రం 5.41

నాకు గురువారం క్లాసు పదకొండుకు. నేను వస్తాను అక్కా. ఏ గేటు దగ్గరికి రావాలో చెప్పండి.